ముందు ఊపిరి కొలవండి

హెప్టాథ్లాన్‌లో ఆఖరి అంశం 800 మీటర్ల పరుగు. అప్పటికే రెండు రోజుల్లో ఆరు పోటీలు అయిపోయి ఉంటాయి. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్. కాళ్లూ భుజాలూ ఇవ్వగలిగిందంతా ఇచ్చేశాక చిట్టచివర మిగిలేది గుండె, ఊపిరి. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆ ఆఖరి రెండు చుట్లు పూర్తయ్యేసరికి మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5,712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. బెంగాల్ అమ్మాయి స్వప్న బర్మన్ 5,708 దగ్గర ఆగిపోయింది. తేడా నాలుగు పాయింట్లు. 800 మీటర్ల లెక్కలో చూస్తే అది సెకనులో మూడో వంతు కూడా కాదు.

ఆ వెంటనే స్వప్న ఒక పోస్టు పెట్టింది. తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్ చేతికి పోయిందని రాసింది. ఆధారం ఏమైనా చూపించిందా? లేదు. నందిని ట్రాన్స్‌జెండర్ అని ఎవరైనా ఎక్కడైనా తేల్చారా? లేదు. తర్వాత ఆ పోస్టు తీసేసింది, క్షమాపణ కూడా చెప్పింది. కానీ ఈలోపు దేశమంతా నందిని ఫొటోను పెద్దది చేసి చూసింది. దవడ చూసింది, భుజాలు చూసింది, జుట్టు ఎంత పొట్టిగా ఉందో చూసింది. చాయ్ అమ్ముకునే తండ్రి కూతురు, గురుకులంలో చదువుకున్న పిల్ల, ఇరవై ఏళ్లకే ఆసియా పతకం మెడలో వేసుకుని ఇంటికి రావాల్సిన పిల్ల, తాను ఆడదాన్నేనని దేశానికి చెప్పుకోవాల్సిన స్థితిలో నిలబడింది.

స్వప్నను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె రిక్షా తొక్కిన తండ్రి కూతురు. రెండు పాదాలకూ ఆరేసి వేళ్లతో, సరిపోయే బూట్లు దొరక్క, ఆ నొప్పితోనే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఇద్దరు పేదింటి ఆడపిల్లలు సెకనులో మూడో వంతు కోసం ఒకరి ఒళ్లు ఒకరు అనుమానించుకునే చోటికి ఎవరు తెచ్చారన్నదే నా ప్రశ్న. తెచ్చింది ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ఉన్న మొనాకోలోనూ ఒలింపిక్ కమిటీ ఉన్న లోజాన్‌లోనూ ఏసీ గదుల్లో కూర్చుని నిబంధనలు రాసినవాళ్లు. కొలవాల్సింది కొలవకుండా, అనుమానాన్నే చట్టం చేసినవాళ్లు.

నాకెందుకు ఇంత కోపం? ఇరవై నాలుగేళ్లుగా జిల్లా పరిషత్ బడుల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. పన్నెండేళ్ల కిందట మా బడి నుంచి ఒక పదో తరగతి పిల్లను జోనల్ పోటీలకు తీసుకెళ్లాను. సున్నం గీతల ట్రాక్, ఉత్త పాదాలు. 800 మీటర్లు రెండు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లలో పరిగెత్తింది. రెండో అమ్మాయి ఇంకా మలుపులోనే ఉంది. చప్పట్లు రావాల్సిన చోట గుసగుసలు వచ్చాయి. ‘మగరాయుడిలా లేదూ’ అన్నారు. ‘అసలు అది ఆడపిల్లేనా’ అన్నారు. అవతలి బడి వాళ్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేదాకా పతకం ఆపేశారు. కూలికి వెళ్లే వాళ్లమ్మ ఒక రోజు పని మానుకుని ఆసుపత్రి వరుసలో నిలబడి, తన కడుపున పుట్టిన ఆడపిల్ల ఆడపిల్లేనని కాగితం రాయించుకొచ్చింది. ఆ కాగితం నా చేతికి ఇచ్చేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు. ఆ పిల్ల ఇంకెప్పుడూ గ్రౌండ్‌కు రాలేదు.

ఆ పిల్ల ట్రాన్స్ కాదు. నందిని కూడా కాదు. ట్రాన్స్ మహిళలను ఆపుతామని గీసిన గీత ముందుగా కోసేది వీళ్లనే. పొడుగ్గా, నల్లగా, బక్కగా, కండ తిరిగి ఉండి, గెలిచే ప్రతి పేద ఆడపిల్లనూ కోస్తుంది. అందుకే ట్రాన్స్ మహిళల గొడవ నాకు సంబంధం లేనిది అని నేను అనుకోలేను. ఏ ఆడపిల్లల కోచ్ కూడా అనుకోకూడదు.

ఇక అసలు విషయంలోకి వద్దాం. హార్మోన్ చికిత్స తీసుకున్న ట్రాన్స్ మహిళ గుండెకు, రక్తానికి, ఊపిరికి ఏమవుతుంది? దీనికి జవాబు తెలియకుండానే టీవీల్లో అరిచేవాళ్లు ఎక్కువయ్యారు. ‘ఏమీ మారదు, మగాడు మగాడే’ అని ఒకరు. ‘అంతా మారిపోతుంది, ఇక తేడానే ఉండదు’ అని ఇంకొకరు. ఇద్దరూ కాకిలెక్కలు చెబుతున్నారు.

ముందు రక్తం సంగతి. టెస్టోస్టెరాన్ ఎర్ర రక్తకణాల తయారీని ఎగదోస్తుంది. అందుకే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ మగవాళ్లలో సుమారు 13 నుంచి 17 గ్రాముల మధ్య ఉంటే ఆడవాళ్లలో 12 నుంచి 15 మధ్య ఉంటుంది. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. అంటే 15 గ్రాములున్న రక్తం ప్రతి 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తెస్తే, 13.5 ఉన్న రక్తం 18 తెస్తుంది. ఆ రెండు మిల్లీలీటర్లే 800 మీటర్ల ఆఖరి వంద మీటర్లలో కాళ్లకు కావాల్సింది. ట్రాన్స్ మహిళ టెస్టోస్టెరాన్‌ను మందులతో అణచి ఈస్ట్రోజెన్ తీసుకుంటే, మూడు నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ మిగతా ఆడవాళ్ల స్థాయికి దిగిపోతుంది. 2021లో జొయానా హార్పర్ బృందం అంతవరకూ వచ్చిన అధ్యయనాలన్నీ గాలించి తేల్చిన మాట ఇది. ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు. పాతవి రాలిపోయి కొత్తవి తక్కువగా పుట్టడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఈ విషయంలో పెద్దగా వాదన లేదు. ‘ఏమీ మారదు’ అనేవాళ్లు ఇక్కడితో నోరు మూసుకోవాలి.

కానీ ఊపిరి రక్తంతోనే అయిపోదు. ఆ రక్తాన్ని తోసే గుండె ఎంత పెద్దది, ఒక్కో కొట్టుకు ఎంత రక్తం పంపుతుంది, ఆ ఆక్సిజన్‌ను వాడుకునే కండ ఎంత ఉంది, కాలు ఎంత పొడవు అన్నవీ లెక్కలోకి వస్తాయి. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ కట్టిన ఎముకల గూడు ఇరవై అయిదేళ్ల వయసులో మాత్ర వేసుకుంటే పొట్టిది కాదు. కండ బలం ఏడాది చికిత్స తర్వాత కూడా అయిదు శాతం దగ్గర మాత్రమే తగ్గుతుందని, మూడేళ్ల తర్వాతా కొంత తేడా మిగులుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆడవాళ్ల విభాగం ఎందుకు పెట్టుకున్నామో నాకు తెలుసు. ప్రపంచంలో అత్యంత వేగవంతుడైన మగవాడు వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు, ఆడమనిషి 10.49 సెకన్లలో పరిగెత్తింది. ఆ తేడాను కాపాడకపోతే నా పిల్లలకు పతకాలుండవు, స్కాలర్‌షిప్పులుండవు, రైల్వే ఉద్యోగాలుండవు. ఇది నేను ఎవరి దగ్గరా దాచను. ‘అంతా మారిపోతుంది’ అనేవాళ్లు నన్ను కూడా తమలో కలుపుకోవద్దు.

ఈ ఊపిరిని కొలవడం అంత కష్టమా? ఒకసారి పీఈటీల శిక్షణకు వెళ్లినప్పుడు నగరంలోని ఒక ప్రయోగశాలలో నా కళ్లతో చూశాను. ఒక కుర్రాడి ముఖానికి రబ్బరు మాస్క్ బిగించారు. ఛాతీకి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే పట్టీ కట్టారు. ట్రెడ్‌మిల్ మీద నిలబెట్టి నడిపించారు, పరిగెత్తించారు, నిమిషానికోసారి ఏటవాలు పెంచారు. మాస్క్ గొట్టంలోంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో యంత్రం లెక్కకడుతూనే ఉంది. ఏడో నిమిషంలో మాటలు ఆగిపోయాయి. తొమ్మిదో నిమిషంలో మాస్క్ అంచు నుంచి చెమట బొట్లు బెల్టు మీద రాలాయి. పదకొండో నిమిషంలో చెయ్యి పైకెత్తి ఆపమన్నాడు. తెర మీద 61 అని అంకె నిలిచింది. ప్రతి కిలో బరువుకు నిమిషానికి 61 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలడని అర్థం. దాన్నే వీఓ2 మ్యాక్స్ అంటారు. మొత్తం పావుగంట పని.

ఆ పావుగంట పనిని ప్రపంచ క్రీడా సంస్థలు ఎంతమంది ట్రాన్స్ అథ్లెట్ల మీద, ఎన్నేళ్లు చేశాయి? చికిత్స మొదలుకాక ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి, రెండేళ్లకు, నాలుగేళ్లకు ఒక్కోసారి అదే అథ్లెట్‌ను అదే యంత్రం మీద పరిగెత్తించి చూసిన పెద్ద అధ్యయనం ఒక్కటి నా ముందు పెట్టండి. అది చేతిలో ఉండగా రాసిన నిబంధన ఏదైనా ఉంటే చూపించండి.

చేతిలో ఉన్నవి ఏమిటో చెబుతాను. అమెరికా వైమానిక దళంలో 46 మంది ట్రాన్స్ మహిళల రికార్డులు తిరగేశారు. హార్మోన్లు మొదలుపెట్టకముందు మైలున్నర పరుగులో వాళ్లు మిగతా మహిళల కన్నా 21 శాతం వేగం. రెండేళ్లు చికిత్స అయ్యాక పుషప్స్‌లో, సిటప్స్‌లో తేడా చెరిగిపోయింది. పరుగులో మాత్రం 12 శాతం మిగిలింది. నిషేధం కావాలనేవాళ్లు ఆ 12 శాతాన్ని జెండా కర్రకు కట్టుకుని ఊరేగుతారు. మరి పుషప్స్ సంగతి ఎందుకు చెప్పరు? పైగా అవి సైనికుల ఫిట్‌నెస్ పరీక్షల పాత రికార్డులు. వాళ్లు అథ్లెట్లు కారు. ఎవరు ఎంత సాధన చేశారో ఎవరూ రాసిపెట్టలేదు. రక్తం నాలుగు నెలల్లోనే మారిపోతే రెండేళ్ల తర్వాత కూడా 12 శాతం ఎందుకు మిగిలింది? గుండె పరిమాణమా? కాలి పొడవా? సాధనా? ఆ రికార్డుల్లో జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ ఎవరి గుండెనూ కొలవలేదు.

బ్రెజిల్‌లో సావోపావులో పరిశోధకులు 15 మంది ట్రాన్స్ మహిళలను ట్రెడ్‌మిల్ ఎక్కించారు. సగటున 14 ఏళ్లకు పైగా ఈస్ట్రోజెన్ తీసుకున్నవాళ్లు. నిమిషానికి వాళ్లు వాడుకోగలిగిన ఆక్సిజన్ సగటు 2,606 మిల్లీలీటర్లు. మిగతా మహిళలది 2,167, పురుషులది 3,358. మధ్యలో ఎక్కడో నిలిచారు. ఇదీ పదిహేను మందే. వీళ్లూ అథ్లెట్లు కారు.

చివరకు నిజమైన అథ్లెట్లను కొలిచిన పని ఒకటి 2024లో వచ్చింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ డబ్బుతోనే ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో చేశారు. 23 మంది ట్రాన్స్ మహిళలు, 21 మంది మిగతా మహిళలు, అందరూ పోటీల్లో ఆడేవాళ్లు లేదా క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్లు. ట్రాన్స్ మహిళల చేతి పట్టు బలంగా ఉంది. హిమోగ్లోబిన్‌లో తేడా లేదు. బరువుతో లెక్కిస్తే పైకి ఎగిరే ఎత్తు తక్కువ. బరువుతో లెక్కించిన వీఓ2 మ్యాక్స్ కూడా తక్కువే. మళ్లీ చదవండి. మిగతా మహిళల కన్నా తక్కువ!

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి బండ్లు గుర్తుకొచ్చాయి. జోడెడ్ల బండికి ఒంటెద్దును కడితే ఏమవుతుంది? బండి పెద్దదే, చక్రాలు పెద్దవే, నొగ పొడవే. లాగే శక్తి మాత్రం తగ్గిపోయింది. చదును దారిలో ఎలాగో లాగుతుంది, ఎగువ వస్తే రొప్పుతుంది. పొడవైన చేతులు పనికొచ్చే ఆట ఉంటుంది, అదే పొడవు బరువై కూర్చునే ఆట ఉంటుంది. బాస్కెట్‌బాల్‌కూ పదివేల మీటర్ల పరుగుకూ ఒకే తీర్పు ఎలా చెబుతారు? రగ్బీలో ఢీకొట్టడం వేరు, విలువిద్యలో గురి వేరు. ట్రాన్స్ మహిళ లారెల్ హబ్బర్డ్ టోక్యో ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌కు వచ్చినప్పుడు ఆడవాళ్ల క్రీడలు నాశనమైపోయాయని గగ్గోలు పెట్టారు. ఆమె స్నాచ్‌లో మూడు ప్రయత్నాల్లో ఒక్కటి కూడా ఎత్తలేకపోయింది. ఆ ఒక్క ఫలితంతో ‘చూశారా, ఏ లాభమూ లేదు’ అనడం కూడా అంతే తప్పు. ఒక్క మనిషితో శాస్త్రం కాదు. బ్రైటన్ అధ్యయనం కూడా ఒక్కరోజు కొలతే. ఎవరినీ ఏళ్ల తరబడి వెంబడించలేదు. కానీ అది కనీసం సరైన మనుషులను, సరైన యంత్రం మీద కొలిచింది. వేయాల్సిన మొదటి అడుగు అదీ. మిగతా అడుగులు వేయాల్సినవాళ్లు ఏం చేశారు?

ఏం చేశారో చూడండి. 2003లో ఒలింపిక్ కమిటీ వాళ్లు, శస్త్రచికిత్స చేయించుకుని రెండేళ్లయితే ఆడవచ్చు అన్నారు. 2015లో శస్త్రచికిత్స అక్కర్లేదు, టెస్టోస్టెరాన్ ఏడాది పాటు లీటరుకు 10 నానోమోల్స్ కన్నా తక్కువుంటే చాలన్నారు. ఆడవాళ్లలో అది మామూలుగా 2 దాటదు. మగవాళ్లలో 8 దగ్గర మొదలవుతుంది. అంటే 10 అన్నది మగవాళ్ల కొలతలో ఉన్న అంకె. ఎవరు, ఏ కొలతతో పెట్టారది? 2021లో ఒలింపిక్ కమిటీ చేతులు దులుపుకుని, మీ మీ ఆటల సంగతి మీరే చూసుకోండని సమాఖ్యల నెత్తిన వేసింది. 2023 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ టెస్టోస్టెరాన్ రెండేళ్ల పాటు 2.5 నానోమోల్స్ కన్నా తక్కువుండాలని ప్రతిపాదన తెచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి, మార్చిలో, మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలందరికీ పూర్తి నిషేధం అని ప్రకటించింది. ఆ రెండు నెలల్లో ఏ కొత్త గుండెను కొలిచారు? ఏ కొత్త ట్రెడ్‌మిల్ తిరిగింది? నిషేధం ప్రకటించిన రోజే ఆ సంస్థ అధ్యక్షుడు సెబాస్టియన్ కో చెప్పిన మాట ఏమిటంటే, ప్రస్తుతం అంతర్జాతీయ అథ్లెటిక్స్‌లో పోటీపడుతున్న ట్రాన్స్ క్రీడాకారులు ఎవరూ లేరని. లేనివాళ్లను నిషేధించారు. ఉన్నవాళ్లను కొలవలేదు. అదే ఏడాది నవంబరులో క్రికెట్ మండలి అదే దారి పట్టింది.

అంకెల మీద అథ్లెటిక్స్ సంస్థకున్న శ్రద్ధ ఎంతో మనకు ముందే తెలుసు. ఒడిశా పరుగుల రాణి ద్యుతీ చంద్‌ను 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకు ముందు పక్కన పెట్టారు. ఆమె శరీరంలో సహజంగానే టెస్టోస్టెరాన్ ఎక్కువ ఉందన్న కారణంతో. ఆ అమ్మాయి హైదరాబాద్ వచ్చి గోపీచంద్ అకాడమీలో సాధన చేస్తూనే క్రీడా న్యాయస్థానంలో పోరాడింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం, టెస్టోస్టెరాన్‌ వల్ల వచ్చే లాభం ఎంతో చూపే ఆధారాలు చాలవని నిబంధనను పక్కన పెట్టింది. అప్పుడు ఆధారాల కోసం 2017లో ఒక పరిశోధనా పత్రం తెచ్చారు. దాని మీద కట్టిన నిబంధనతోనే దక్షిణాఫ్రికా కాస్టర్ సెమెన్యా 800 మీటర్ల పరుగు జీవితం ముగిసింది. 2021లో అదే పత్రం రచయితలు సవరణ ప్రచురించారు. తాము చూపింది కార్యకారణ సంబంధం కాదని, తమ మాటలు తప్పుదారి పట్టించి ఉండవచ్చని ఒప్పుకున్నారు. సవరణ పత్రికలో వచ్చింది. సెమెన్యాకు పోయిన ఏళ్లు ఎవరు తిరిగిస్తారు? మన పక్క రాష్ట్రం తమిళనాడు శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన 800 మీటర్ల రజతాన్ని లాక్కున్నారు. ఆ పిల్లకు తన లింగ పరీక్ష ఫలితం టీవీలో తెలిసింది.

ఇప్పుడు ఆ అథ్లెటిక్స్ సంస్థే కొత్త మందు కనిపెట్టింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆడవాళ్ల విభాగంలో ప్రపంచ పోటీలకు వెళ్లే ప్రతి అథ్లెట్ బుగ్గ లోపల దూది పుల్ల తిప్పి గానీ, రక్తం తీసి గానీ, మగ లింగ వికాసాన్ని మొదలుపెట్టే ఎస్ఆర్‌వై జన్యువు ఉందో లేదో చూస్తారు. టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌కు ఆ పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ జన్యువును 1990లో కనిపెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆండ్రూ సింక్లెయిర్ స్వయంగా అన్నాడు, ఈ పరీక్షతో స్త్రీత్వం తేల్చడం తప్పని. జన్యువు ఉన్నా అది పనిచేస్తోందో లేదో, శరీరం టెస్టోస్టెరాన్‌కు స్పందిస్తోందో లేదో ఆ పుల్ల చెప్పదు. కనిపెట్టినవాడి మాట కన్నా మొనాకో గుమస్తా మాట చెల్లుబాటు అయ్యింది.

ఇదేమైనా కొత్తా? 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3,387 మంది మహిళలకు ఇలాంటి పరీక్షే చేశారు. ఎనిమిది మందికి ‘తప్పు’ ఫలితం వచ్చింది. లోతుగా చూసి ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. 1999లో ఆ పరీక్ష పనికిరాదని తీసేశారు. పాతికేళ్ల తర్వాత అదే చెత్తను ఊడ్చుకొచ్చి మళ్లీ ఇంట్లో పోశారు. ఆ దూది పుల్ల హిమోగ్లోబిన్ చెప్పదు. గుండె పరిమాణం చెప్పదు. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుందో చెప్పదు. ఏ లాభం ఉందని వీళ్లు గోల చేస్తున్నారో ఆ లాభాన్ని మాత్రం అది కొలవదు.

ట్రాన్స్ పురుషుల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఈ గొడవలో వాళ్లను ఎవరూ తలవరు. టెస్టోస్టెరాన్ తీసుకుంటే హిమోగ్లోబిన్ పెరుగుతుంది. వైమానిక దళం రికార్డుల్లో ఏడాదికే వాళ్ల పరుగు మగవాళ్లతో సమానమైంది. వాళ్లు డోపింగ్ నిరోధక సంస్థ నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని ఆడాలి, రక్తం మరీ చిక్కబడకుండా చూసుకోవాలి. ఇంత మార్పు జరుగుతుందని వాళ్ల విషయంలో ఎవరూ కాదనరు. అదే హార్మోన్ తగ్గితే ఏమీ మారదని మాత్రం వాదిస్తారు.

ఇక మన ఇంటి సంగతి. మన దగ్గర హార్మోన్లు తీసుకునే ట్రాన్స్ మహిళల్లో ఎంతోమంది డాక్టర్ మొహం చూడకుండానే తీసుకుంటారు. మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని, తోటివాళ్లు చెప్పిన లెక్కన రోజుకు రెండు, మూడు మింగుతారు. ఆ మాత్రల్లో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయాల్ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోతుంది. వాళ్లెందుకు అలా చేస్తారని అడిగే ముందు, ఆసుపత్రి ఓపీ వరుసలో వాళ్లు నిలబడితే పక్కవాళ్లు ఎలా చూస్తారో గుర్తు తెచ్చుకోండి. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు, దేశంలో ట్రాన్స్ వ్యక్తుల కోసం తెరిచిన మొదటి క్లినిక్‌గా పేరు పొందింది. నడిపింది అమెరికా నిధులతో. 2025 ఆరంభంలో అక్కడి ప్రభుత్వం సాయం ఆపేయగానే మూతపడింది. తర్వాత వేరే దాతల చేయూతతో కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది. అంటే మన ఊళ్లో మన మనుషుల గుండెకు కావాల్సిన వైద్యం వాషింగ్టన్‌లో ఒక సంతకం మీద ఆధారపడింది. సిగ్గుపడాల్సింది మనమే.

ఇలాంటి చోట్లకు వచ్చేవాళ్ల రక్తం క్రమం తప్పకుండా పరీక్షిస్తారు. హిమోగ్లోబిన్, టెస్టోస్టెరాన్, కొలెస్ట్రాల్, రక్తపోటు, అన్నీ ఫైళ్లలో ఉంటాయి. వాళ్లలో కబడ్డీ ఆడేవాళ్లుంటారు, పరిగెత్తేవాళ్లుంటారు, బరువులెత్తేవాళ్లుంటారు. వాళ్ల అనుమతి తీసుకుని, వాళ్ల పేర్లు గుట్టుగా ఉంచి, ఏడాదికి రెండుసార్లు ట్రెడ్‌మిల్ ఎక్కించడానికి ఏం కావాలి? పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఉంది, అక్కడ క్రీడా శాస్త్ర విభాగం ఉంది. ఢిల్లీలో భారత వైద్య పరిశోధనా మండలి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ క్రీడా ప్రాధికార సంస్థలున్నాయి. ఒలింపిక్స్ మన దేశానికి తెస్తామని జబ్బలు చరుచుకుంటున్నారు కదా, ఆ ఆతిథ్యానికి పెట్టే డబ్బులో ఒక్క పిడికెడు ఇటు పెట్టమనండి.

‘ఎంతమంది ఉన్నారని ఇంత చేయాలి? పదిమందో ఇరవైమందో’ అంటారు. ఆ పదిమంది కోసమే ఎంతోమంది ఆడపిల్లల బుగ్గల్లో పుల్లలు తిప్పుతున్నారు కదా, అప్పుడు లెక్క గుర్తుకు రాలేదా? తక్కువమంది కాబట్టి కొలవడం తేలిక. ఒక్కో ఆటకు ఒక్కో అంకె కట్టండి. మారథాన్‌లో రెండేళ్ల తర్వాత తేడా మిగలదని తేలితే ఆడనివ్వండి. రగ్బీలో మిగులుతుందని తేలితే ఆపండి, ఆపి, ఆ మనిషి మొహం చూసి కారణం చెప్పండి. కొలిచి ఆపితే నేను మీ వెంట నిలబడతాను. కొలవకుండా ఆపితే అది వివక్షే, దానికి ఇంకో పేరు లేదు.

తోటి పీఈటీలకు, కోచ్‌లకు ఒక విన్నపం. రేపు మీ గ్రౌండ్‌లో ఒక పిల్ల అందరికన్నా ముందు గీత దాటితే, పక్కన ఎవరైనా ‘అది ఆడపిల్లేనా’ అంటే, అక్కడే ఆపండి. ఆ మాట ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కనివ్వకండి. నేను ఆ రోజు ఆపలేకపోయాను.

ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నాలుగు మడతల మీద చిరిగింది. అందులో పేరు ఉంది, తండ్రి పేరు ఉంది, వయసు ఉంది, లింగం ఉంది, డాక్టర్ ముద్ర ఉంది. రెండు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు అని ఎక్కడా లేదు.